బొమ్మల బాట – 17వ భాగం: లేజర్ వెలుగు, వెండి కాగితం

గత భాగంలో గంటలో ఫొటోలు కడిగి ఇచ్చే మినీల్యాబ్ దగ్గర ఆగాం. పైన దీపం, దాని కింద నెగెటివ్, దాని కింద లెన్సు, అడుగున కాగితం. పాతకాలపు చీకటి గది ఎన్‌లార్జర్‌లో ఉన్న ఈ వరసే 1980ల మినీల్యాబ్ యంత్రంలోనూ ఉంది. వేగం పెరిగింది, మనిషి చేతి పని తగ్గింది, వరస మాత్రం మారలేదు. ఆ వరసలోంచి దీపాన్నీ నెగెటివ్‌నూ తీసేసి, కాగితాన్ని మాత్రం అలాగే ఉంచిన మార్పు ఈ భాగం కథ.

డిజిటల్ కెమెరా రాగానే ఫిల్మ్‌తో పాటు ఫొటో కాగితం, డెవలపర్, ఫిక్సర్ అన్నీ ఒక్కసారే మూలపడ్డాయని చాలామంది అనుకుంటారు. కెమెరా విషయంలో అది నిజమే. కాగితం విషయంలో జరిగింది వేరు. మీ ఇంట్లో 2005 ప్రాంతపు పెళ్లి ఆల్బమ్ ఉంటే తీసి, అందులో ఒక ముఖాన్ని భూతద్దంతో చూడండి. పత్రికలో అచ్చయిన బొమ్మలో కనిపించే చుక్కలు అందులో ఉండవు. నుదుటి మీది వెలుగు చెంప నీడలోకి ఎక్కడా తెగకుండా జారుతుంది. అక్కడ సిరా లేదు. వెండి లవణాలు పూసిన కాగితం మీద వెలుగు పడి, ఆ కాగితం డెవలపర్‌లో మునిగి తేలితే వచ్చిన బొమ్మ అది. స్టూడియోకు మనం ఇచ్చింది మెమరీ కార్డే అయినా చివరి మజిలీలో పని చేసింది పాత రసాయన శాస్త్రమే. ఆ కాగితానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైగా ఆయుష్షు పోసింది లేజర్. లేజర్ యంత్రాలు కట్టిన ఇంజనీర్ల పేరు కాస్తో కూస్తో వినపడుతుంది. ఆ లేజర్‌కు తగ్గట్టు కాగితాన్ని మలిచిన రసాయనవేత్తల పేరు ఎక్కడా వినపడదు. ఈ భాగంలో నాకు ఎక్కువగా చెప్పాలని ఉన్నది వాళ్ల పని గురించే.

లేజర్ పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో, హ్యూస్ పరిశోధనాశాలలో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేజర్ వెలిగించాడు. అది మెరుపులా వచ్చి పోయే వెలుగు. ఆ ఏడాది డిసెంబరులోనే బెల్ ల్యాబ్స్‌లో అలీ జవాన్ బృందం హీలియం-నియాన్ వాయువులతో ఆగకుండా వెలిగే లేజర్ చేసింది. 1964లో హ్యూస్‌లోనే విలియం బ్రిడ్జెస్ ఆర్గాన్ లేజర్ కనిపెట్టాడు. అలా ఎరుపు ఒకచోట, నీలం-ఆకుపచ్చ మరోచోట అందుబాటులోకి వచ్చాయి. బొమ్మలు అచ్చువేసేవాళ్లకు ఇందులో నచ్చినవి మూడు: ఈ వెలుగును వెంట్రుక కన్నా సన్నని బిందువుగా కూర్చవచ్చు, తిరిగే అద్దంతో కావలసిన చోటికి పంపవచ్చు, రెప్పపాటులో వేల సార్లు తగ్గించి పెంచవచ్చు.

దీన్ని అందిపుచ్చుకున్నవాటిలో అచ్చు పరిశ్రమ ఒకటి. ఇంగ్లండ్‌లోని మోనోటైప్ సంస్థ 1976లో లేజర్‌కాంప్ అనే యంత్రం తెచ్చింది. అక్షరాలను, బొమ్మలను లేజర్‌తో నేరుగా ఫొటో కాగితం మీద, ఫిల్మ్ మీద గీసేది అది. 1980ల మధ్యలో వచ్చిన లైనోట్రానిక్ 300 ఇమేజ్‌సెట్టర్ అంగుళానికి 2540 చుక్కల దాకా వేయగలిగేది. మన దగ్గర డీటీపీ వచ్చిన కొత్తలో పత్రికల ముఖచిత్రాలకు, శుభలేఖలకు, సినిమా పోస్టర్లకు ఫిల్ములు తీయించడం అనే పని ఒకటి ఉండేది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇమేజ్‌సెట్టర్ ఉన్నచోటికి ఫైలు పట్టుకెళ్తే సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అని నాలుగు నల్లటి ఫిల్ములు చేతికిచ్చేవారు. 1990లలో మనం చదివిన రంగుల వారపత్రికల అట్టల వెనక లేజర్ రాసిన ఆ నాలుగు ఫిల్ములు ఉన్నాయి. అయితే అక్కడ లేజర్ పని తేలిక. వెలగాలి, లేదా ఆరాలి. నలుపు, లేదా ఖాళీ. మధ్యలో ఉండే బూడిద ఛాయలన్నీ చిన్నా పెద్దా చుక్కలతో కంటికి కల్పించిన భ్రమలే.

నిజమైన ఛాయలతో లేజర్ బొమ్మ వేసిన తొలి పెద్ద ప్రయత్నం వార్తాసంస్థల్లో జరిగింది. అసోసియేటెడ్ ప్రెస్ 1935 నుంచి తీగల మీదుగా ఫొటోలు పంపేది. 1970ల మధ్యలో ఆ సంస్థ ఎంఐటీ ఆచార్యుడు విలియం ష్రైబర్ బృందంతో కలిసి లేజర్‌ఫొటో పద్ధతి తయారు చేయించుకుంది. తీగలో వచ్చిన సంకేతాన్ని బట్టి లేజర్ కిరణం బలం పెరుగుతూ తగ్గుతూ, కాగితం మీద గీత తరవాత గీతగా ఫొటోను రాసేది. ఆ కాగితం గురించి ఒక మాట చెప్పాలి. అమెరికాలోని 3ఎం సంస్థలో డేవిడ్ మోర్గన్, బెంజమిన్ షెలీ 1960లలో రూపొందించిన డ్రై సిల్వర్ కాగితం అది. నీళ్లు లేవు, డెవలపర్ ట్రే లేదు. కాగితాన్ని వేడి చేస్తే బొమ్మ తేలుతుంది. వార్తాపత్రిక కార్యాలయంలో చీకటి గది అవసరం లేకుండా పొడిగా, చేత్తో పట్టుకునేలా ఫొటో బయటికి వచ్చేది. ఆ రోజుల్లో ఇంగ్లీషు పత్రికల్లో విదేశీ ఫొటోల కింద లేజర్‌ఫొటో అని కనిపించేది ఇందువల్లే. ఈ పొడి కాగితపు వారసుడు ఇప్పటికీ మన ఇళ్లలో బీరువా మీద పడి ఉంటాడు. ఆ సంగతి తరవాత చెబుతాను.

నలుపు తెలుపుల్లో కుదిరింది రంగుల్లో కుదరడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. కారణం తెలియాలంటే రంగు కాగితం లోపలికి వెళ్లాలి.

రంగు ఫొటో కాగితం మీద మూడు పొరలు ఉంటాయి. అడుగు పొర నీలి వెలుగును పట్టుకుని పసుపు రంగు అవుతుంది. మధ్య పొర ఆకుపచ్చను పట్టుకుని మెజెంటా అవుతుంది. పై పొర ఎరుపును పట్టుకుని సయాన్ అవుతుంది. ప్రతి పొరలోనూ సిల్వర్ క్లోరైడ్ స్ఫటికాలు ఉంటాయి. వెలుగు తాకిన స్ఫటికాన్ని డెవలపర్ లోహపు వెండిగా మారుస్తుంది. ఆ మార్పులోనే పక్కన ఉన్న రంగు పదార్థం కూడా పుడుతుంది. తరవాత బ్లీచ్-ఫిక్స్ తొట్టి వెండినంతటినీ కడిగేస్తుంది. కాబట్టి చేతికొచ్చే ప్రింటులో వెండి మిగలదు, అది చూసిన వెలుగు జాడ రంగుగా మిగులుతుంది. 1980ల మధ్యలో కోడాక్ తెచ్చిన ఆర్‌ఏ-4 ప్రక్రియ ఇది. డెవలపర్‌లో 45 సెకన్లు, బ్లీచ్-ఫిక్స్‌లో మరో 45, ఆ తరవాత కడగడం, ఆరబెట్టడం. పాత బ్రోమైడ్ స్ఫటికాల కన్నా క్లోరైడ్ స్ఫటికాలు త్వరగా డెవలప్ కావడంవల్లే ఇంత వేగం సాధ్యమైంది.

ఇప్పుడు ఈ కాగితం మీద మూడు రంగుల లేజర్లు పడాలి. పడటం కష్టం కాదు. ఎంతసేపు పడతాయన్నదే కష్టం.

ఎన్‌లార్జర్ కింద ఫొటో కాగితానికి సుమారు పది సెకన్లు వెలుగు చూపించడం మామూలే. లేజర్ అలా నిలవదు. కోట్ల బిందువులను ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోవాలి కనుక ఒక్కో బిందువు మీద అది ఉండేది సెకనులో కోటో వంతు చుట్టుపక్కల. ఎన్‌లార్జర్ ఇచ్చే సమయంలో పది కోట్లో వంతు అన్నమాట. ఆ లోటును తీర్చడానికి లేజర్ అన్ని రెట్లు ఎక్కువ వెలుగు కుమ్మరించాలి. లెక్క ప్రకారం తేడా రాకూడదు. 1862లో బున్సెన్, రోస్కో చెప్పిన సూత్రం అదే: వెలుగు తీవ్రతను సమయంతో గుణిస్తే వచ్చే మొత్తం సమానమైతే ఫలితం కూడా సమానం. కానీ ఆ సూత్రం అంచుల దగ్గర విరిగిపోతుంది. 1899 ప్రాంతంలో వియన్నాలో నక్షత్రాల ఫొటోలు తీస్తున్న కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ ఒక అంచును చూశాడు. మరీ మసక వెలుగు గంటల తరబడి పడినా ప్లేటు దానికి తగ్గట్టు నల్లబడడం లేదు. లేజర్ దగ్గర ఇంజనీర్లకు ఎదురైనది రెండో అంచు. మరీ బలమైన వెలుగు మరీ తక్కువసేపు పడినా కాగితం దాన్ని పూర్తిగా అందుకోలేదు.

ఎందుకలా జరుగుతుందో చెప్పే సిద్ధాంతాన్ని 1938లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ ఇచ్చారు. వెలుగు స్ఫటికాన్ని తాకితే ఒక ఎలక్ట్రాన్ విడివడి ఏదో ఒక చోట చిక్కుకుంటుంది. అక్కడికి ఒక వెండి అయాన్ మెల్లగా నడిచి వచ్చి కలిస్తే ఒక వెండి పరమాణువు పుడుతుంది. అదే చోట మళ్లీ ఎలక్ట్రాన్, మళ్లీ అయాన్. అలా నాలుగైదు పరమాణువులు ఒక్కచోట గుమిగూడితేనే డెవలపర్ ఆ స్ఫటికాన్ని గుర్తుపడుతుంది. ఎలక్ట్రాన్లు చురుకైనవి, అయాన్లు నెమ్మదైనవి. సెకనులో కోటో వంతులో వెలుగంతా ఒక్కసారి వచ్చి పడితే ఎలక్ట్రాన్లు గుంపుగా విడివడతాయి. అయాన్లు వచ్చేలోపే స్ఫటికమంతా చెదిరిపోతాయి. ఒక్కచోట నాలుగు చేరాల్సిన పరమాణువులు నాలుగు చోట్ల ఒక్కొక్కటిగా పుట్టి, నిలవలేక కరిగిపోతాయి. ముసురు పట్టి కురిసిన వాన నేలలో ఇంకుతుంది, ఒక్క గడియలో కుండపోతగా కురిసిన వాన వాగుల పాలవుతుంది. కాగితంలో జరిగేదీ అంతే.

రసాయనవేత్తలు కనుక్కున్న మందు ఇరిడియం. ప్లాటినానికి దగ్గరి చుట్టమైన ఈ లోహాన్ని సిల్వర్ క్లోరైడ్ స్ఫటికం పెరుగుతున్నప్పుడే దాని లోపల ఇరికిస్తారు. పాలు ఎంతంటే కోట్ల వెండి అయాన్లకు కొద్ది ఇరిడియం అయాన్లు. ఒక్కసారిగా విడివడ్డ ఎలక్ట్రాన్లను ఇవి కాసేపు పట్టి ఉంచి, ఆ తరవాత కొద్దికొద్దిగా వదులుతాయి. లేజర్ కిరణం అప్పటికి ఎప్పుడో పక్క బిందువుకు, ఆ పై గీతకు వెళ్లిపోయి ఉంటుంది. స్ఫటికం మాత్రం తీరిగ్గా తన పని చేసుకుంటూ ఉంటుంది. క్షణంలో కోటో వంతు వెలుగును కాగితం తనలో దాచుకుని నెమ్మదిగా జీర్ణించుకోవడం! ఫొటోగ్రఫీ చరిత్రలో ఇంత సూక్ష్మమైన నేర్పు ఇంకొకటి ఉందని నేననుకోను. ఫూజీ క్రిస్టల్ ఆర్కైవ్, కోడాక్ ఎండ్యూరా వంటి కాగితాలు ఒకే డబ్బాలోంచి తీసి ఇటు ఎన్‌లార్జర్ కింద, అటు లేజర్ కింద పెట్టినా బొమ్మ ఇవ్వగలిగాయంటే ఈ తరహా నేర్పే కారణం.

ఇక యంత్రాల సంగతి. ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో జర్మన్ మాట్లాడే దక్షిణ టిరోల్ ప్రాంతం ఉంది. అక్కడి బ్రిక్సెన్ ఊళ్లో యూలియస్, గిల్బర్ట్ డుర్స్ట్ అనే అన్నదమ్ములు 1936లో స్థాపించిన సంస్థ డుర్స్ట్. ప్రపంచమంతటా చీకటి గదుల్లో ఈ పేరున్న ఎన్‌లార్జర్లే కనిపించేవి. మన స్టూడియోల పాతకాలపు యజమానులకు కూడా ఈ పేరు కొత్త కాదు. ఎన్‌లార్జర్ల మీద బతికిన ఆ సంస్థే 1994లో కొలోన్ నగరంలో జరిగిన ఫొటోకినా ప్రదర్శనలో ఎన్‌లార్జర్ అవసరం లేని యంత్రాన్ని పెట్టింది. పేరు లాంబ్డా 130. 50 అంగుళాల వెడల్పు కాగితపు చుట్ట ఒక పక్క నుంచి లోపలికి వెళ్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లు ఒకే కిరణంగా కలిసి, తిరిగే అద్దం మీదుగా దాని వెడల్పంతా గీత తరవాత గీతగా రాస్తాయి. చుట్ట ఆగకుండా కదులుతుంది కనుక బొమ్మ పొడవుకు హద్దు లేనట్టే.

లాంబ్డా అంగుళానికి 200 లేదా 400 బిందువులు వేస్తుంది. ఇమేజ్‌సెట్టర్ 2540తో పోలిస్తే ఇది తక్కువనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే ఇక్కడ ఒక్కో బిందువు ఒక్కో రంగులో 256 మెట్లలో ఏదైనా కావచ్చు. చుక్కలతో కల్పించే ఛాయలు కావివి, ఎమల్షన్‌లో నిజంగా పడిన ఛాయలు. 50 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు బొమ్మను 400 లెక్కన రాయాలంటే 60 కోట్ల బిందువులు, మూడు రంగులకు కలిపి 180 కోట్ల విలువలు. 1994లో ఇళ్లలో ఉన్న కంప్యూటర్ హార్డ్ డిస్కులో అంత ఫైలు పట్టేదే కాదు. అన్ని విలువలనూ క్షణం తడబడకుండా లేజర్‌కు అందించే ఎలక్ట్రానిక్స్ కూడా ఈ యంత్రం గొప్పతనంలో సగభాగం.

కిరణం బలాన్ని అంత వేగంగా మార్చేది ఒక చిన్న స్ఫటికం. ఆ కాలపు గ్యాస్ లేజర్లను ఆర్పి వెలిగించడం సాధ్యం కాదు. అందుకని కిరణం దారిలో స్ఫటికం పెట్టి, దానిలోకి చెవికి వినపడనంత ఎత్తు స్థాయి శబ్ద తరంగాలు పంపుతారు. శబ్దం స్ఫటికంలో దట్టమైన పొరలు, పలుచని పొరలు ఏర్పరుస్తుంది. వాటిని తాకిన వెలుగు పక్కకు వంగుతుంది. శబ్దం ఎంత బలంగా ఉంటే అంత ఎక్కువ వెలుగు పక్కకు వెళ్తుంది. ఆ పక్కకు వెళ్లిన వెలుగే కాగితాన్ని చేరుతుంది. అంటే బొమ్మలోని ప్రతి ఛాయనూ వెలుగు ఎంత కావాలో కొలిచి పంపింది శబ్దం.

దాదాపు అదే కాలంలో కెనడా పశ్చిమ తీరం నుంచి సింబాలిక్ సైన్సెస్ సంస్థ లైట్‌జెట్ 5000 తెచ్చింది. దాని పద్ధతి వేరు. పెద్ద గొట్టం లోపలి గోడకు కాగితాన్ని అంటించి కదలకుండా ఉంచుతారు. గొట్టం నడిమి గీత మీద అద్దం గిర్రున తిరుగుతూ ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుగుతుంది. అద్దం నుంచి కాగితానికి దూరం ఎటు చూసినా ఒకటే కనుక మధ్యలోనూ అంచుల్లోనూ బిందువు ఒకేలా గుండ్రంగా, పదునుగా పడుతుంది. పదును కావాలనుకున్నవాళ్లు లైట్‌జెట్ వైపు, పొడవూ వేగమూ కావాలనుకున్నవాళ్లు లాంబ్డా వైపు మొగ్గారు.

లైట్‌జెట్‌ను మొదట గుండెకు హత్తుకున్నవాళ్లు అమెరికా ప్రకృతి ఫొటోగ్రాఫర్లు. దానికి వెనక ఒక నష్టం ఉంది. రంగు ఫొటోల్లో అత్యంత అందమైనదిగా పేరున్న డై ట్రాన్స్‌ఫర్ పద్ధతికి కావలసిన సరుకును కోడాక్ 1990ల మొదట్లో ఆపేసింది. ఒక్కో ప్రింటుకు రోజుల తరబడి శ్రమపడే ఆ పద్ధతి మీద జీవితం పెట్టుకున్న చార్లెస్ క్రేమర్ వంటివారికి ఒక్కసారి కాళ్ల కింద నేల కదిలింది. లైట్‌జెట్ వచ్చాక వాళ్లు తమ పెద్ద ఫిల్ములను డ్రమ్ స్కానర్ మీద చదివించి, ఛాయలను కంప్యూటర్‌లో దిద్ది, లేజర్‌తో ఫొటో కాగితం మీద రాయించుకున్నారు. హిమాలయాల ఫొటోలతో ప్రసిద్ధుడైన గాలెన్ రోవెల్ కూడా తన ప్రదర్శన ప్రింట్లకు ఈ దారి పట్టాడు. ఆపిల్ మెకింటోష్‌కు మ్యాక్‌పెయింట్ రాసిన బిల్ అట్కిన్సన్ ఆ తరవాత ఫొటోగ్రఫీలోకి వచ్చి, ఈ యంత్రం రంగులను కచ్చితంగా కొలిచి తయారు చేసిన ప్రొఫైళ్లను అందరికీ పంచాడు. తెర మీద చూసిన రంగే కాగితం మీద రావాలన్న పట్టుదల అప్పటి నుంచే సామాన్య ఫొటోగ్రాఫర్ దాకా పాకింది.

పెద్ద యంత్రాలు కాగితానికే పరిమితం కాలేదు. వెనక నుంచి దీపం పెట్టి చూపించే డ్యూరాట్రాన్స్ వంటి పారదర్శక ఫిల్ముల మీదా రాశాయి. విమానాశ్రయాల్లో, నగల దుకాణాల్లో, సినిమా హాళ్ల ముందు వెలిగే పెట్టెల్లో అలాంటివి వాడారు. ఇంగ్లండ్‌లోని ఇల్ఫోర్డ్ సంస్థ 2000లలో లేజర్ యంత్రాల కోసమే నలుపు తెలుపు బరైటా కాగితం చేసింది. మామూలు నలుపు తెలుపు కాగితానికి ఎరుపు వెలుగు కనపడదు, అందుకే చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకునేవాళ్లం. ఈ కొత్త కాగితం మూడు రంగులనూ చూస్తుంది. కనుక దాన్ని ఆ ఎర్ర దీపం కూడా లేకుండా కటిక చీకట్లో పట్టుకోవాలి.

ఇదంతా లక్షాధికారుల గోడల కథగా మిగిలిపోయేదే, ఫూజీ ఫ్రాంటియర్, నోరిట్సు యంత్రాలు రాకపోతే. 1990ల చివర్లో వచ్చిన ఇవి లేజర్‌ను వీధి మలుపులోని ల్యాబుకు తెచ్చాయి. గ్యాస్ లేజర్లు పెద్దవి, వేడెక్కేవి, తరచు మార్చాల్సినవి. ఫ్రాంటియర్‌లో చిన్న ఘనస్థితి లేజర్లు వచ్చాయి. కంటికి కనపడని పరారుణ కిరణాన్ని ప్రత్యేకమైన స్ఫటికం గుండా పంపి తరంగదైర్ఘ్యాన్ని సగం చేస్తారు. 1064 నానోమీటర్ల కిరణం 532 అయి ఆకుపచ్చగా, 946ది 473 అయి నీలంగా బయటికి వస్తుంది. ఎరుపుకు డయోడ్ లేజర్ ఉండనే ఉంది. అంగుళానికి 300 బిందువుల లెక్కన 4×6 ప్రింటులో 21 లక్షల 60 వేల బిందువులు, అన్నీ రాసి కడిగి ఆరబెట్టి నాలుగైదు నిమిషాల్లో చేతిలో.

ఈ యంత్రాలు మొదట వచ్చింది ఫిల్మ్ వాడేవారి కోసమే. రీలు కడిగాక నెగెటివ్‌ను స్కానర్ చదివేది, లేజర్ రాసేది. వెలుతురుకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి ముఖం నల్లబడితే పాత యంత్రం మొత్తం ఫొటోనే తెల్లబరిచేది. కొత్తది ముఖాన్ని తేర్చి, వెనక ఆకాశాన్ని అలాగే ఉంచేది. మెమరీ కార్డు పెట్టే చోటు పక్కనే ఉంది కనుక, కెమెరాలు మారినప్పుడు ల్యాబు మారాల్సిన పని పడలేదు. ఫిల్మ్ అమ్మకాలు కూలిపోతున్న ఏళ్లలో కూడా ఫొటో కాగితం నిలబడడానికి ఇదే కారణం.

ల్యాబు ఆపరేటర్ పని నైపుణ్యం కూడా తగ్గలేదు. పొద్దున్నే యంత్రం వేడెక్కాక పరీక్ష పట్టీ ఒకటి వేయాలి. రంగుల గళ్లున్న ఆ పట్టీని కొలిచే పరికరంలో పెట్టాలి. కాగితపు చుట్ట మారినా మళ్లీ అదే పని. ఆ తరవాత తెర మీద ఒక్కో ఫొటో వస్తుంటే సయాన్, మెజెంటా, ఎల్లో, డెన్సిటీలకు గుర్తులైన సి, ఎం, వై, డి మీటల మీద వేళ్లు ఆడుతూనే ఉంటాయి. పెళ్లిపందిట్లో పసుపు బట్టల వెలుగు పెళ్లికూతురి ముఖం మీదికి ఎక్కితే వై ఒక మెట్టు తగ్గించాలి. పచ్చ షామియానా కింద భోజనాల ఫొటోలకు ఎం పెంచాలి. చామనఛాయ ముఖాన్ని చామనఛాయగానే ఉంచడం ఏ యంత్రమూ తనంతట తాను చేసేది కాదు. మన ముఖాలు మన ఆల్బముల్లో సహజంగా ఉన్నాయంటే ఆ పేరు తెలియని ఆపరేటర్ల చూపే కారణం.

పెళ్లి ఆల్బమ్ రూపం మారిపోవడానికీ లేజరే మూలం. నెగెటివ్ ఆకారానికి కట్టుబడినన్నాళ్లు ఫొటో పొడవు వెడల్పుల నిష్పత్తి మారేది కాదు. లేజర్ గీత కింద చుట్ట కదులుతూ పోతుంటే ఎంత పొడవైనా కోయవచ్చు. దానితో 12×36 అంగుళాల పొడవాటి పుటల కరిజ్మా ఆల్బములు వచ్చాయి. పల్లెటూరి స్టూడియోలో ఫొటోషాప్ మీద తలంబ్రాలు ఒక పక్క, అప్పగింతలు ఇంకో పక్క పేర్చి, ఆ ఫైళ్లను పట్నం ల్యాబుకు పంపితే, మధ్యలో గీత పడకుండా పరుచుకునే పుటలు తిరిగి వచ్చేవి.

సినిమాలో ఈ కథ తలకిందులుగా నడిచింది. అక్కడ లేజర్ రాసింది ఫిల్మ్ మీద. 1993లో డిస్నీ వారి స్నో వైట్ చిత్రాన్ని కోడాక్ సినియాన్ వ్యవస్థతో ఫ్రేము ఫ్రేమునా స్కాన్ చేసి, మరకలు తుడిచి, మళ్లీ ఫిల్మ్ మీదికి ఎక్కించారు. 2000లో రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణం చేసిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' మొత్తం కంప్యూటర్‌లో రంగులు మార్చి లేజర్‌తో ఫిల్మ్‌గా రాయించిన తొలి చిత్రాల్లో ఒకటి. మిసిసిపీ పచ్చదనాన్ని ఎండిన పసుపుగా మార్చారు అందులో. జర్మనీలో ఆరి సంస్థ ఫ్రైబుర్గ్‌లోని ఫ్రాన్‌హోఫర్ సంస్థతో కలిసి చేసిన ఆరిలేజర్ ఈ రంగంలో ప్రమాణంగా నిలిచింది. దాన్ని రూపొందించిన ఫ్రాంజ్ క్రాస్, యోహానెస్ స్టోయరర్, వోల్ఫ్‌గాంగ్ రీడెల్‌లకు 2012లో ఆస్కార్ ప్రతిమ ఇచ్చారు.

అంతకుముందు టీవీ గొట్టం వంటి తెర మీది బొమ్మను కెమెరాతో ఫొటో తీసినట్టు తీసేవారు. ఆ తెర వెలుగు మసక. లేజర్ వెలుగు బలమైనది కనుక వేగం తక్కువైనా రేణువు అతి సన్నగా ఉండే ఇంటర్మీడియట్ ఫిల్మ్ మీద నేరుగా రాయవచ్చు. రాసే వేగం కూడా లెక్కలోదే. రెండున్నర గంటల తెలుగు సినిమాలో 2,16,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు అర నిమిషం అనుకుంటే 75 రోజులు, రెండు సెకన్లు అనుకుంటే 5 రోజులు. డీఐ (డిజిటల్ ఇంటర్మీడియట్) అనే మాట 2000ల మధ్యలో చెన్నై, హైదరాబాద్ సినిమా జనం నోట మామూలు మాట కావడం వెనక ఈ లెక్క ఉంది. ఆ తరవాత పదేళ్లలో హాళ్లలోకి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చి ప్రింట్ల అవసరమే పోయింది. ఫూజీ 2013లో సినిమా ఫిల్మ్ తయారీ మానుకుంది, ఒక్క భద్రపరిచే ఫిల్మ్‌ను తప్ప. ఆ ఫిల్మ్ మీద ఒక రంగు సినిమాను మూడు నలుపు తెలుపు రీళ్లుగా లేజర్‌తో రాస్తారు. రంగు పదార్థం వెలిసిపోతుంది, వెండి వెలిసిపోదు కనుక.

ఇక బీరువా మీది వారసుడి మాట. సీటీ, ఎంఆర్ఐ తీయించుకున్నప్పుడు పెద్ద కవరులో పెట్టి ఇచ్చే 14×17 అంగుళాల నీలిరంగు ఫిల్ములు చాలావాటిని లేజరే రాస్తుంది. కొన్ని రకాలను లేజర్ లేకుండా వేడి సూదుల వంటి తలలు రాస్తాయి. లేజర్ రకం 3ఎం వారి డ్రై సిల్వర్ సంతానం. 1990ల మధ్యలో డ్రైవ్యూ పేరుతో ఆసుపత్రులకు వచ్చింది. ఇమేషన్, కోడాక్, కేర్‌స్ట్రీమ్ అని చేతులు మారింది. సిల్వర్ బెహినేట్ అనే కొవ్వు ఆమ్లపు వెండి లవణం, కాస్త సిల్వర్ హాలైడ్, డెవలపర్ అన్నీ ఫిల్మ్ పూతలోనే కలిసి ఉంటాయి. పరారుణ లేజర్ రాసిపోయాక ఫిల్మ్ 120 డిగ్రీల ప్రాంతంలో వేడిగా ఉన్న డ్రమ్ము మీదుగా పావు నిమిషం పాటు నడుస్తుంది. బొమ్మ నల్లగా తేలుతుంది. తడి లేదు, తొట్టి లేదు.

కడగని ఫిల్మ్ కనుక బొమ్మకు పనికిరాని వెండి లవణం కూడా అందులోనే ఉండిపోతుంది. మామూలు వేడికి అది కదలదు. ఎక్కువ వేడి తగిలితే మాత్రం మళ్లీ పని మొదలుపెట్టి ఫిల్మ్ మొత్తాన్ని నల్లబరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తలుపులు మూసిన కారు వెనక అద్దం దగ్గర స్కాన్ కవరు వదిలేయకండి. రేకుల కప్పు కింది అటక మీద కూడా పెట్టకండి. మంచం కింద పెట్టెలో, గాలి ఆడే చల్లని చోట నిలువుగా ఉంచితే, రెండేళ్ల తరవాత డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలన్నప్పుడు పనికొస్తుంది.